పదేళ్ల పంట

దక్షిణ భారతంలో పలుచోట్ల క్రిస్మస్ వేళ సరుగుడు కొమ్మను నిలిపి, కాగితపు నక్షత్రాలతో అలంకరిస్తారు. అమెరికాలో ఆ గౌరవం ఫర్ వృక్షానిది. నేడు అక్కడి ఇళ్లకు చేరే పండుగ చెట్టు సాధారణంగా అడవిలోనిది కాదు. వరి వలె, మొక్కజొన్న వలె పొలంలో నాటి, పెంచి, కోసినది. ఆ సేద్యాన్నే నమ్ముకొన్న కుటుంబాలు ఉత్తర కరోలినా రాష్ట్రపు పడమటి కొండలలో అనేకం ఉన్నాయి.

అపలేచియన్ పర్వతశ్రేణికి చెందిన ఆ కొండలే ఫ్రేజర్ ఫర్ వృక్షానికి పుట్టినిల్లు. స్కాట్లండ్ దేశీయుడైన వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ ఫ్రేజర్ పేరు దానికి స్థిరపడింది. నరికిన తరువాత కూడా వారాల తరబడి ఆకు రాల్చకపోవడం దాని సుగుణం. అందుకే గిరాకీ.

అయితే ఈ పంట తొందరపడేవారిది కాదు. నారుమడిలో కొన్నేళ్లు పెరిగిన మొక్కను పొలంలో నాటిన పిమ్మట, అది ఆరేడు అడుగులకు ఎదగడానికి 7 నుంచి 10 సంవత్సరాలు పడుతుంది. ఏటేటా వేసవిలో రైతు పొడవాటి కత్తి చేపట్టి చెట్టు చుట్టూ తిరుగుతూ కొమ్మల కొసలను కత్తిరిస్తాడు. చూపరులు ప్రకృతి సౌందర్యమని మెచ్చుకొనే ఆ గుబురులో సగం రైతు చేతి చలవే. ఇన్నేళ్ల శ్రమకు ఫలం నవంబరు, డిసెంబరు నెలలలోని కొద్ది వారాలలో చేతికి రావాలి. పండుగ మరునాడు ఆ చెట్టును అడిగేవారుండరు.

నాటేనాడు పదేళ్ల తరువాతి ధర ఎవరికి తెలుసు? 2008 నాటి ఆర్థికమాంద్యంలో ధరలు పడిపోగా అనేకులు నాట్లు తగ్గించారు. దాని ఫలితంగా 2017 ప్రాంతంలో చెట్లకు కొరత ఏర్పడి ధరలు పెరిగాయి. గడ్డుకాలంలోనూ నాట్లు మానని కుటుంబాల నిబ్బరానికి అప్పుడు ఫలం దక్కింది. ధరకన్న భయంకరమైనది వేరుకుళ్లు తెగులు. అది ఒకసారి నేలలో ప్రవేశిస్తే పోదు. తాత సాగుచేసిన మడిలో మనుమడు మరల ఫ్రేజర్ ఫర్ నాటలేని దుస్థితి కలుగుతుంది.

2024 సెప్టెంబరు చివర హెలీన్ తుఫాను ఆ కొండలను ముంచెత్తింది. చరియలు విరిగిపడ్డాయి, దారులు, వంతెనలు కొట్టుకుపోయాయి. కోతకు రెండు నెలలైనా గడువు లేదు. నిలిచిన చెట్లను మార్కెట్టుకు చేర్చడానికి రైతులు ముందు బాటలు బాగుచేసుకొన్నారు. ఆ ఏడాది అధ్యక్ష భవనంలో వెలుగొందిన చెట్టు తుఫాను తాకిడికి గురైన ఏవరీ కౌంటీ పొలంలోనిదే.

కోత ముగిసి వసంతం రాగానే రైతు మోడు పక్కనే మరొక మొక్క నాటుతాడు. అరవై దాటినవాడు ఆ మొక్కను నాటుతూ, అది కోతకు వచ్చేనాటికి తన వయస్సెంతో లెక్కించుకొంటాడు. చదువులకై నగరం చేరిన బిడ్డలు తిరిగివచ్చి ఆ కత్తి పట్టుతారో లేదో అతనికి తెలియదు. తెలియకనే, మొక్క చుట్టూ మట్టిని కాలితో అదిమి, తరువాతి మోడు వైపు అడుగు వేస్తాడు.