చిన్న బండ

2020 ఫిబ్రవరి 29, శనివారం. చెన్నై మాధవరంలో రసాయనాల గోదాము అంటుకుంది. మా మేడ మీద నిలబడి చూస్తే అటువైపు ఆకాశమంతా నల్లగా ఉంది. "ఇన్ని పీపాలు లోపల ఉన్నాయని చుట్టుపక్కల ఒక్కరికీ తెలియదా? తెలిసీ నోరు మూసుకున్నారా?" అని ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా అడిగింది నేనే. ఆ ఆగస్టులో బీరూట్‌లో అమ్మోనియం నైట్రేట్ పేలిన తర్వాత, మా పక్కనే మణలిలో అదే రసాయనం దాదాపు 700 టన్నులు ఉందని బయటపడి, దాన్ని కంటైనర్లలో హైదరాబాద్‌కు తరలించినప్పుడూ అదే మాట అన్నాను.

రెండేళ్లకు, తెలిసీ నోరు మూసుకున్నవాణ్ణి నేనే అయ్యాను.

మా వెనక సందులో ఒక రేకుల షెడ్డు. రాత్రి పదకొండు దాటాక పెద్ద బండను తలకిందులు చేసి, గొట్టం పెట్టి చిన్న బండల్లోకి గ్యాస్ ఎక్కించేవారు. వాసన మా పడకగది దాకా వచ్చేది. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే మనుషులకు తెలియాలనే మెర్కాప్టాన్ కలుపుతారు. నేను లేచి, కిటికీ మూసి, మళ్లీ పడుకునేవాణ్ణి.

"పోలీసులకు చెప్పండి" అని మా ఆవిడ రెండుసార్లు అంది. "అద్దెకున్నవాళ్లం, పైగా ఊరు కాని ఊరు, మనకెందుకు?" అన్నాను. అది అబద్ధం. మా మేడగదిలోని చిన్న బండ నింపించుకునేది ఆ షెడ్డులోనే. వాళ్లను పట్టిస్తే నా బండ సంగతీ బయటపడుతుంది.

డిసెంబరులో అమ్మ నాయుడుపేట నుంచి వచ్చింది. చలిగా ఉందని మేడగది కిటికీలు బిగించాను. ఆ రాత్రి చిన్న బండ లీకైంది. గ్యాస్ గాలికంటే బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. జలుబుతో ఉన్న అమ్మకు వాసన తెలియలేదు. తెల్లవారుజామున కాఫీకని అగ్గిపుల్ల గీసింది. మంట ఆమె పాదాల దగ్గర లేచింది.

దుప్పటి చుట్టి ఆర్పింది మా ఆవిడ. నేను చేసిందల్లా కాలిన చోట టూత్‌పేస్టు రాయడం. ఆస్పత్రిలో దాన్ని కడిగి తీస్తుంటే అమ్మ అరుపులు తలుపు బయట నిలబడి విన్నాను. కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి, ఇంకేమీ రాయకూడదు అని నర్సు చెప్పింది.

కట్లు కట్టాక అమ్మ అడిగింది: "ఆ బండ ఎక్కడిదిరా?"

ఆస్పత్రి వరండాలోంచే 100కు ఫోన్ చేశాను. షెడ్డు సంగతీ, నా బండ సంగతీ రెండూ చెప్పాను. ఆ రాత్రే వచ్చి బండలన్నీ పట్టుకుపోయారు, నాదానితో సహా. కంపెనీ బండ మెడ దగ్గరి పట్టీ మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటీ, పక్కన సంవత్సరమూ ఉంటాయి. మళ్లీ ఎప్పటికల్లా పరీక్ష చేయించాలో అది చెబుతుంది. నా బండ మీద ఏ గుర్తూ లేదు. అన్నాళ్లు వాడి ఒక్కసారీ వంగి చూడలేదు.

మీ ఇంట్లో గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. మీ సందులో దొంగచాటుగా బండలు నింపుతుంటే 100కు చెప్పండి. అందులో మీ బండ ఉన్నా సరే, చెప్పండి.