కొత్తరెడ్డిపాలెంలో హీబ్రూ పుస్తకం

చేవెళ్ల, మొయినాబాద్ వైపు పుట్టినవాళ్లకు చిలుకూరు బాలాజీ ప్రదక్షిణలు చిన్నప్పటి నుంచీ అలవాటే. కోరుకునేటప్పుడు 11, తీరాక 108. ఎన్నయ్యాయో గుర్తు పెట్టుకోవడానికి చేతిలో అచ్చువేసిన గళ్ల కాగితం. యూదులు కూడా సుక్కోత్ పండుగలో ఖర్జూర మట్ట పట్టుకుని, ప్రార్థనలు చదువుతూ వేదిక చుట్టూ తిరుగుతారని, ఏడో రోజు ఏడు చుట్లని చదివాక, తెలుగు యూదుల ఊరు చూడాలనిపించింది.

అదే గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలోని కొత్తరెడ్డిపాలెం. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన బెనే ఎఫ్రాయిం వాళ్లు ఇక్కడ 1991లో సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, పెట్టుకున్నారు. తాము ప్రాచీన ఇశ్రాయేలీయుల్లో ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని వాళ్ల నమ్మకం. చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చున్నాను. ఒక పెద్దాయన ప్రార్థన పుస్తకం చేతికిచ్చారు. నేను ఎడమవైపు నుంచి తెరవబోతే, "అట్టా కాదు బాబూ, ఇటునుంచి" అని కుడివైపు అట్ట తిప్పారు. అక్షరాల కింద మన గుణింతాల్లా చుక్కలు, గీతలు. పక్కన పెన్సిలుతో అదే ప్రార్థన తెలుగు అక్షరాల్లో. ఆ పెన్సిలు రాతే నన్ను కట్టిపడేసింది.

ఎందుకంటే లండన్ యూదులకూ ఒకప్పుడు ఇలాంటి అవసరమే పడింది. 1290లో యూదులను వెళ్లగొట్టిన ఇంగ్లండులో, వాళ్లు లేని కాలంలోనే, 1520ల్లో రాబర్ట్ వేక్‌ఫీల్డ్ అనే పండితుడి పుస్తకంలో హీబ్రూ అక్షరాలు అచ్చయ్యాయి. 1650ల్లో వాళ్లు తిరిగొచ్చాక కూడా ప్రార్థన పుస్తకాలు చాలావరకు ఆమ్‌స్టర్‌డామ్ నుంచే వచ్చేవి. తర్వాతి తరాల్లో చాలామందికి హీబ్రూ చదివినా అర్థమయ్యేది కాదు. అప్పుడు డేవిడ్ లెవీ, చెప్పులు కుట్టి, టోపీలు చేసి బతికిన మనిషి, 18వ శతాబ్దం చివర్లో పండుగ ప్రార్థనలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఏ గొప్ప పండితుడూ చేయని ఉపకారం అది.

ఆ పాత పుస్తకాల్లో మిగిలినవి తక్కువ. చిరిగిన వాటిని పారేయరు, దేవుడి పేరు ఉంటుంది కనుక శ్మశానంలో పూడ్చిపెడతారు. లైబ్రరీల్లో దాచినవీ అన్నీ నిలవలేదు. సి.పి. బ్రౌన్ దొర తెలుగు ఆచార్యుడిగా ఉన్న లండన్ యూనివర్సిటీ కాలేజీలోనే యూదు గ్రంథాల మొకాట్టా లైబ్రరీ ఉండేది. అందులో చాలా పుస్తకాలు 1940 బాంబుదాడిలో పోయాయి.

గుంటూరు, విజయవాడల్లో అచ్చు పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. హీబ్రూ మూలం, తెలుగు లిపి, తెలుగు అర్థం పక్కపక్కనే పెట్టి కొత్తరెడ్డిపాలేనికి పండుగ ప్రార్థనలన్నీ ఒక్క పుస్తకంగా అచ్చువేసి ఇవ్వండి. పెన్సిలు రాత చెరిగిపోకముందే ఆ పని కావాలి.