బావి ఎటువైపుండేది?

ఆదివారం ఉదయం ఏడు గంటలు. తెల్లాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. కంప్యూటర్ ముందు ఇంటర్ చదివే అబ్బాయి. చెవి దగ్గర ఫోన్. అవతల డాలస్‌లో వాళ్లన్న. ఎండాకాలం కదా, అక్కడింకా శనివారం రాత్రి ఎనిమిదిన్నర.

'రావట్లేదురా. కనెక్షన్ టైమ్డ్ అవుట్ అంటోంది.'

'ఇంకోసారి చూడన్నా.'

చూశాడు. మళ్లీ అదే. నాలుగు ఆదివారాలుగా ఇదే తంతు. 'సరేలే, పడుకుంటా' అని ఫోన్ పెట్టేశాడు అన్న.

'పోతే పోనీ. అట్లన్నా పుస్తకం తీస్తడు' వంటింట్లోంచి అమ్మ గొంతు.

సరిగ్గా అప్పుడే నైట్ షిఫ్ట్ ముగించుకుని నాన్న ఇంట్లో అడుగుపెట్టాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఓ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఉద్యోగం. ఇరవై రెండేళ్ల సర్వీసు. కొడుకు ముఖం చూసి, 'పొద్దుగాల పొద్దుగాల ఏం ఆటరా అది?' అన్నాడు కాస్త విసుగ్గానే.

అబ్బాయి మాట్లాడలేదు. స్క్రీన్ అటు తిప్పాడు.

ఓ పెంకుటిల్లు. ముందు అరుగు. పక్కన పశువుల కొట్టం. వాకిట్లో ఓ పెద్ద చెట్టు. నాన్న చెప్పులు విప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. అది వాళ్ల ఇల్లే!

* * *

తెల్లాపూర్ ఒకప్పుడు పొలాల మధ్య ఊరు. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, ఐటీ కంపెనీలు దగ్గరికొచ్చాయి, 2018లో మున్సిపాలిటీ అయింది. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లు టవర్లయ్యాయి. ఈ కుటుంబం తాతల నాటి ఇల్లు 2016లో అమ్మేసింది. ఇప్పుడక్కడ అయిదంతస్తుల భవనం ఉంది. ఉన్న ఊళ్లోనే అద్దాల కిటికీల ఫ్లాటులోకి మారారు.

ఇల్లు అమ్మేనాటికి చిన్నోడికి ఏడేళ్లు. వాడికి గుర్తున్నది తక్కువ. పెద్దోడికి అన్నీ గుర్తే. రెండేళ్ల కిందట ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్లాక, ఆదివారం పూట అన్నదమ్ములిద్దరూ కలిసి మైన్‌క్రాఫ్ట్‌లో ఆ ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. ఇందులో చంపడాలూ కాల్చుకోవడాలే ఉండాలని లేదు. దిమ్మె మీద దిమ్మె పేర్చి ఏదైనా కట్టుకోవచ్చు. ఒక్కో దిమ్మె ఒక మీటరు లెక్క. అన్న చెబుతుంటే తమ్ముడు కడతాడు. ఆ ఆటలో వేపచెట్టు లేదు. అందుకని ఓక్ చెట్టునే వేపచెట్టు అనుకున్నారు.

కట్టేది చిన్నోడి కంప్యూటర్లో. అన్న డాలస్ నుంచి దాంట్లోకి రావాలి. ఆ రావడమే నెల రోజులుగా కుదరడం లేదు.

'ఎప్పటి నుంచి ఆగింది? అంతకు ముందు ఏం మారింది?' అడిగాడు నాన్న. ఫ్యాక్టరీలో ఏ మోటారు ఆగినా ఆయన వేసే మొదటి ప్రశ్నలివే.

* * *

ఏ లైన్‌లో లోపమున్నా మెయింటెనెన్స్ వాళ్లకో పద్ధతుంటుంది. అంతా ఒకేసారి కెలకరు. లైన్‌ని ముక్కలు చేసి, ఏ ముక్క బాగుందో ముందు తేల్చుకుంటారు. ఇంట్లో నెట్‌కూ అదే సూత్రం. కంప్యూటర్ నుంచి రూటర్ దాకా ఒక ముక్క. రూటర్ నుంచి ప్రొవైడర్ దాకా రెండోది. అక్కణ్నుంచి ప్రపంచం దాకా మూడోది.

మొదటి ముక్క పరీక్షించడం చాలా తేలిక. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పింగ్' అని కొట్టి, పక్కన రూటర్ చిరునామా ఇవ్వాలి. చాలా ఇళ్లలో అది 192.168.1.1. చిన్న సందేశం రూటర్ దాకా వెళ్లి ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగొచ్చిందో చెబుతుంది. గోడ అవతలే ఉన్న రూటర్ నుంచి జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో రావాలి. వీళ్లకి ఒకసారి 4 వచ్చింది, ఇంకోసారి 180. మధ్యమధ్య అసలు జవాబే లేదు. 'ఇంట్లోనే ఇట్లుంటే అమెరికా దాకా ఏం పోతది?' అన్నాడు నాన్న.

వెతికితే, రూటర్ ఇనుప బీరువా వెనకాల కనిపించింది. హాల్లో వైర్లు వేలాడుతుంటే బాగుండదని అక్కడ పెట్టించింది అమ్మే. వై-ఫై తరంగాలకు ఇనుము గోడలాంటిది. పైగా అపార్ట్‌మెంట్లో పాతిక ఇళ్ల వై-ఫైలూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పోట్లాడుకుంటున్నాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ పౌనఃపున్యం దగ్గరే. పాలు వేడి చేసినప్పుడల్లా ఆట నత్తనడక నడవడానికి కారణం అదన్నమాట!

రూటర్‌ని బయటికి తీసి ఎత్తు మీద పెట్టారు. కంప్యూటర్‌కి నేరుగా ల్యాన్ కేబుల్ లాగారు. మళ్లీ పింగ్ చేస్తే... వందకి వంద జవాబులూ వచ్చాయి. అన్నీ ఒక మిల్లీసెకను లోపే.

అబ్బాయి సంబరంగా అన్నకి ఫోన్ చేశాడు. అటు నుంచి మళ్లీ అదే మాట... 'టైమ్డ్ అవుట్'.

'ఒక లోపం దొరికిందని రెండోది లేదనుకోవద్దు' అన్నాడు నాన్న.

* * *

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, 'వంద ఎంబీపీఎస్ వస్తోంది కదా సార్, మా వైపు ప్రాబ్లం లేదు' అన్నారు. స్పీడ్ వస్తున్న మాట నిజమే. కానీ స్పీడ్ వేరు, ఆలస్యం వేరు. ముంబయి హైవే ఎన్ని లేన్లుందన్నది స్పీడ్. పటాన్‌చెరులో బయల్దేరిన బండి లింగంపల్లి ఎప్పుడు చేరుతుందన్నది పింగ్. రోడ్డు వెడల్పుగా ఉన్నంత మాత్రాన బండి గేటు దాటి లోపలికొస్తుందన్న హామీ లేదు.

దూరం వల్ల అయ్యే ఆలస్యాన్ని ఎవరూ తప్పించలేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ఇక్కణ్నుంచి డాలస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు. పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు. సముద్రపు కేబుళ్లు చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి పావు సెకను దాకా పడుతుంది. తుపాకీ ఆటల్లో అది ప్రాణం తీస్తుంది. ఇల్లు కట్టడానికి ఏ ఇబ్బందీ లేదు. మరి వీళ్లకొచ్చిన చిక్కేంటి?

రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బయటి చిరునామా చూశారు. అది 100.72తో మొదలైంది. 'నా ఐపీ ఎంత' అని నెట్‌లో వెతికితే ఇంకేదో నంబరొచ్చింది. దొంగ అక్కడ దొరికాడు.

పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం కలిపినా 430 కోట్లకు మించవు. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో 2011 నాటికే వాటికి కటకట వచ్చింది. దాంతో చాలామంది ప్రొవైడర్లు ఒకే బయటి చిరునామాని ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నారు. దాన్నే సీజీ-నాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబరిచ్చి, ఫ్లాట్ నంబరు ఇవ్వకపోవడం లాంటిది. మనం బయటికి వెళ్లొచ్చు, రావొచ్చు. కానీ చుట్టం వస్తే ఏ ఇంటి తలుపు తట్టాలో వాచ్‌మన్‌కి తెలియదు. 100.64 నుంచి 100.127 దాకా నంబర్లతో మొదలయ్యే చిరునామాలను 2012లో ఈ పనికే కేటాయించారు. ఇంటి రూటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా, బయటి గేటు మన చేతిలో ఉండదు.

'ఇంతకు ముందు ఎట్లొచ్చేది మరి?' అని అబ్బాయి అడగబోయి ఆగిపోయాడు. నాన్న ముఖం అప్పటికే మారిపోయింది.

నెల కిందట కనెక్షన్ మార్చింది ఆయనే. పాత ప్రొవైడర్ దగ్గర విడి చిరునామా ఉండేది. కొత్త ప్యాకేజీలో నెలకి కొంత మిగులుతుంది. పెద్దోడి చదువు లోను కిస్తీకి ఆ మాత్రమైనా ఆసరా అనుకున్నాడు. ఆ మిగులు కోసమే అన్నదమ్ముల మధ్య తలుపు మూసుకుపోయిందని ఆయనకేం తెలుసు?

సోమవారం ఆఫీసుకి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ కావాలన్నాడు. నెలనెలా అదనంగా కట్టాలన్నారు. మారు మాట్లాడకుండా కట్టాడు. తలుపు తెరిచాం కదాని బార్లా తెరవకూడదు. రూటర్ పాస్‌వర్డ్ మార్చి, ఆటకు అవసరమైన 25565 పోర్టు ఒక్కటే తెరిచి, అన్న పేరున్న వాళ్లకే ప్రవేశమని వైట్‌లిస్ట్ పెట్టారు.

* * *

మరుసటి ఆదివారం ఏడింటికి పెద్దోడు వచ్చేశాడు. పెంకుటింటి వాకిట్లో వాడి బొమ్మ గెంతుతోంది. ఫోన్ స్పీకర్‌లో మాటలు.

'ఈసారి బావి తవ్వుదాంరా. కొట్టం వెనకాల.'

'కాదన్నా, వేపచెట్టు పక్కన కదా?'

టీ గ్లాసు పట్టుకుని నాన్న వెనకాలే కూర్చున్నాడు. ఆయన ఉన్న సంగతి పెద్దోడికి తెలియదు. కాసేపటికి వాడి గొంతు తగ్గింది.

'తమ్మీ, ఇంకా జాబ్ రాలేదురా. నాన్నకి చెప్పకు. ఇప్పటికే నిద్రపోడు.'

చిన్నోడు వెనక్కి తిరిగి చూశాడు. ప్రతి వారం ఇంటికి ఫోన్ చేసి 'అంతా బాగుంది' అంటున్న కొడుకు, ఈ పెంకుటింట్లో కూర్చుని తమ్ముడికి మాత్రం నిజం చెబుతున్నాడు. నాలుగు వారాలుగా ఆ మాట చెప్పుకోవడానికీ దారి లేకపోయింది.

నాన్న ఫోన్ దగ్గరికి వంగాడు. 'విన్న బిడ్డా' అన్నాడు. అటు నుంచి చప్పుడు లేదు. 'లోపం మనలో లేదు, లైన్ దొరకట్లేదు, అంతే. ఒక్కొక్కటే చూసుకుంట పోదాం. రోజూ ఫోన్ చెయ్యి. బాగుందని చెప్పడానికి కాదు, ఏమైందో చెప్పడానికి.'

'సరే నాన్నా' అనడానికి వాడికి కాస్త సమయం పట్టింది. ఈసారి ఆలస్యం నెట్‌ది కాదు.

మాటలు విని నాయనమ్మ గదిలోంచి వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్‌లోకి తేరిపార చూసింది. అరుగుని, కొట్టాన్ని, చెట్టుని ఒక్కొక్కటే గుర్తుపట్టింది. ఆ ఇంట్లో నలభై ఏళ్లు నీళ్లు చేదిన మనిషి.

'ఇద్దరికీ తెల్వదు. బాయి కొట్టం ఎన్క కాదు, చెట్టు పక్కకు కాదు. అరుగు మీద కూసుంటే ఎదురుంగనే కనిపిస్తుండె' అంది.

డాలస్‌లో ఒకరు, తెల్లాపూర్‌లో ఒకరు, అరుగు ఎదురుగా తవ్వడం మొదలుపెట్టారు.