పావగడలో పగటి బడి

పెనుకొండ నుంచి రొద్దం మీదుగా పావగడకు వస్తుంటే ఆంధ్ర ఎక్కడ అయిపోయిందో, కర్ణాటక ఎక్కడ మొదలైందో నేలను చూసి చెప్పలేం. అదే ఎర్రమట్టి, అవే రాతిగుట్టలు, శెనక్కాయ పీకేసి వదిలిన అవే చేలు. మారేది రాత ఒక్కటే. మైలురాళ్ళ మీద, బడి గోడల మీద, కిరాణా కొట్ల మీద తెలుగు అక్షరం పోయి కన్నడ అక్షరం వస్తుంది. మాట మాత్రం మారదు. తుమకూరు జిల్లాలోదే అయినా మూడు వైపులా ఆంధ్రను ఆనుకుని ఉన్న తాలూకా ఇది. ఇక్కడ పల్లెలకు పల్లెలే ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. కాగితం మీది వ్యవహారమంతా కన్నడంలో నడుస్తుంది.

చదువు రానివాళ్ళకు అది ఎంత చిక్కో పావగడ బస్టాండులో కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. శనిమహాత్ముని గుడికి వచ్చే భక్తులు, కోటకొండ ఎక్కడానికి వచ్చే కుర్రాళ్ళు, సంతకు వచ్చిన పల్లెవాళ్ళు అందరూ అక్కడే కలుస్తారు. రెండు రాష్ట్రాల బస్సులూ అక్కడే ఆగుతాయి. ఒకదాని బోర్డు తెలుగులో, ఇంకొకదానిది కన్నడంలో. 2023 జూన్ 11న శక్తి పథకం మొదలైనప్పటి నుంచి కర్ణాటక ఆడవాళ్ళు తమ సర్కారు బస్సులో డబ్బు ఇవ్వక్కర్లేదు. కాబట్టి ఏది ఎవరి బస్సో తెలియడం ఇప్పుడు డబ్బుతో పని. చేతిసంచీ పట్టుకున్న ఒకామె నన్ను ఆపి, "అన్నా, ఇది మన బస్సా, ఆంధ్రా బస్సా?" అని అడిగింది. చెప్పాను. అయినా నమ్మకం కుదరక కండక్టరును మళ్ళీ అడిగి ఎక్కింది. ఇలా అడగడం ఆమెకు రోజూ ఉండేదే. నా మనసు మాత్రం చివుక్కుమంది.

నేను చూడాలనుకున్న పెద్దల బడి తిరుమణి వైపు ఒక పల్లెలో ఉంది. ఆ దారిలో సౌర ఫలకాలు మొదలయ్యాయంటే కిలోమీటర్ల కొద్దీ ఆగవు. ఐదు ఊళ్ళ పరిధిలో 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఈ సౌర పార్కు 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరికి పూర్తి సామర్థ్యానికి వచ్చింది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు. వాన నమ్ముకోలేని ఈ నేల మీద అది చిన్న మొత్తం కాదు. కర్ణాటకలో ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన నంజుండప్ప కమిటీ 2002లో ఇచ్చిన నివేదికలో పావగడ అత్యంత వెనుకబడిన తాలూకాల్లో ఒకటి. భూమి ఉన్నవాళ్ళకు కౌలు వస్తోంది. భూమి లేని కూలివాళ్ళకు మాత్రం ఆ చేలతో పాటు పనీ పోయింది. ఇద్దరికీ ఒక అవసరం కొత్తగా వచ్చిపడింది. కౌలు పత్రం, పొలం వివరాలుండే పహణి, బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, అన్నీ చదివి తెలుసుకోవాల్సిన కాగితాలే. చేను దున్నుకుని బతికినంత కాలం వేలిముద్రతో గడిచిపోయింది. ఇప్పుడు గడవదు.

పంచాయతీ గ్రంథాలయాలను కర్ణాటకలో అరివు కేంద్రాలంటున్నారు. ఆ ఊళ్ళో బడి అందులోనే. రెండు గదులు, ఒక కంప్యూటరు, పోటీ పరీక్షల పుస్తకాలున్న బీరువా, వార్తాపత్రికలు పరిచిన బల్ల. పొద్దున పదకొండున్నరకు ఆ బల్లను గోడకు జరిపి చాపలు వేస్తారు. ఒంటిగంట వరకు బడి. ఆ వేళ ఎవరో ఆఫీసులో కూర్చుని పెట్టింది కాదు, ఆడవాళ్ళే తేల్చుకున్నది. అప్పటికి ముద్ద కెలికి, పశువులకు మేత వేసి, పెద్దపిల్లల్ని బడికి, చిన్నపిల్లల్ని అంగన్‌వాడీకి పంపేసి ఉంటారు. మొగవాళ్ళు ఊళ్ళో ఉండరు. శెనక్కాయ విత్తనానికి కాయ ఒలిచే రోజుల్లో మాత్రం బడి మూసేస్తారట. నేను వెళ్ళింది మాఘంలో, పని పలచబడిన కాలం. పట్టీలో ఇరవై పేర్లుంటే పదముగ్గురు వచ్చారు. అందరూ ఆడవాళ్ళే. మొగవాళ్ళు ఎందుకు రారని అడిగితే, "వాళ్ళకి సిగ్గు సార్, మా ముందర తప్పు రాయల్లంటే" అని ఒకామె చెప్పింది.

చదువు చెప్పేది ఆ ఊరి కోడలే. పుట్టిల్లు మడకశిర దగ్గర. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. కన్నడం రాయడం పెళ్ళయ్యాకే నేర్చుకుంది, పిల్లవాడి ఒకటో తరగతి పుస్తకం ముందు పెట్టుకుని. పెద్ద వయసులో కొత్త అక్షరం ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరసలు పెట్టి పిలుస్తుంది. "అత్తా, పలక ఇట్లా పట్టుకో", "అవ్వా, తొందరేం లేదు, ఇంగోసారి దిద్దు." వాళ్ళు ఆమెను బడి నడిచినంతసేపు మిస్ అంటారు, అయిపోగానే కోడలా అంటారు.

ఆ రోజు పాఠంలో బొమ్మ పక్కన ఒక మాట ఉంది. అరవై దాటిన అవ్వ ఒకామె చూపుడువేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ, మ, నె అని కూడబలుక్కుంది. కాసేపు ఆగింది. ముఖం వెలిగిపోయింది. "ఇల్లు!" అంది. పుస్తకం కన్నడం, అర్థం తెలుగు, మధ్యలో ఒక మనిషి ఆ రెంటినీ తనంతట తాను కలుపుకున్న క్షణం అది. చిన్న పిల్లకు ఇల్లంటే ఏమిటో, అక్షరమంటే ఏమిటో రెండూ నేర్పాలి. ఆమెకు లోకమంతా ముందే తెలుసు. అక్షరం ఒక్కటే కావాలి. మిస్ ఈ రెండు భాషల సంగతిని చక్కగా వాడుకుంటుంది. బోర్డు మీద గ, ద, న, ర కన్నడంలో రాసి, పక్కనే తెలుగులో రాస్తుంది. తలకట్టు తీసేస్తే దాదాపు ఒకటే. రెండు లిపులూ కొన్ని శతాబ్దాల కిందటి దాకా ఒకటిగా ఉండి విడిపోయినవే కదా. "ఇది వచ్చిందంటే అదీ సగం వచ్చినట్టే. ఇక్కడి పహణీ చదవొచ్చు, అక్కడి కూతురింటికి పోయే బస్సు బోర్డూ చదవొచ్చు" అని వాళ్ళకు చెప్పింది. ఈ తాలూకాలో కూతుళ్ళలో చాలామంది సరిహద్దు అవతలే ఉంటారు. ఆ మాట సూటిగా తగిలింది.

లెక్కల దగ్గర నేను ఎక్కువసేపు కూర్చున్నాను. నోటిలెక్కలో వాళ్ళను ఓడించడం కష్టం. మూట శెనక్కాయ ధర చెబితే మూడున్నర మూటలకు ఎంతో క్షణంలో చెప్పేస్తారు. అదే కాగితం మీద తడబడతారు. నూట ఐదు రాయమంటే ఒకామె 1005 అని రాసింది. నూరు రాసి, పక్కన ఐదు పెట్టింది. చెవికి విన్నట్టే రాసింది, అందులో తర్కం ఉంది. మిస్ తప్పు అనలేదు. సంచీలోంచి ఒక వంద నోటు, ఒక ఐదు రూపాయల బిళ్ళ తీసి చాప మీద పెట్టి, "పదులు ఎన్ని ఉన్నాయత్తా?" అంది. "ఏమీ లేవు." "లేవని చూపించే గుర్తే ఈ సున్నా. ఒకటే పెట్టల్ల." ఆమె రెండు సున్నాల్లో ఒకటి తడి గుడ్డతో తుడిచేసి పలకను అందరికీ చూపించింది. బ్యాంకులో డబ్బు తీసుకునే చీటీ మీద ఇదే తప్పు పడి వెనక్కి పంపారని తర్వాత చెప్పింది. ఆ తర్వాత నుంచి చీటీ రాసిపెట్టే కుర్రవాడికి ప్రతిసారీ యాభై రూపాయలు ఇస్తోందట. "సంధ్యా సురక్ష పింఛను దుడ్డు నాది, రాసేది వాడు. నేనే రాసుకుంటే యాభై నాకే కదా" అంది. అక్షరాస్యత ఎందుకని అడిగేవాళ్ళకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మనకు పెద్దల చదువంటే రాత్రిబడే గుర్తొస్తుంది. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. అప్పటి నుంచి ఎన్నో పల్లెల్లో లాంతరు వెలుగులో, ఆ పైన వచ్చీపోయే కరెంటులో ఈ బడులు నడిచాయి. రాత్రిబడిని తక్కువ చేయను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో ఆ తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళే దూబగుంట నుంచి సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగిపోయింది. అయితే అదే నెల్లూరులో తాగి వచ్చిన మొగవాళ్ళు తరగతులను చెడగొట్టిన సంగతీ మరిచిపోకూడదు. పగలంతా ఒళ్ళు వంచిన మనిషికి రాత్రి ఎనిమిదింటికి కళ్ళు మూతపడతాయి. చత్వారం వచ్చిన కంటికి గుడ్డి వెలుగులో అక్షరం ఆనదు. నేను చూసిన పావగడ పల్లెలో కూడా బడిని మొదట రాత్రిపూటే పెట్టి చూశారు, నిలవలేదు. పగటికి మార్చాక నిలిచింది. ఈ చిన్న మార్పులో ఉన్న గౌరవం నాకు నచ్చింది. మిగిలిపోయిన వేళ కాకుండా, మంచి వెలుతురున్న వేళ ఆ ఆడవాళ్ళ చదువుకు దొరికింది.

నాకు నచ్చనిదీ ఒకటుంది. 2009 సెప్టెంబరు 8న మొదలైన వయోజన విద్యా కార్యక్రమం సాక్షర భారత్‌లో పంచాయతీకి ఇద్దరు ప్రేరకులుండేవారు, నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనంతో. అది చాలా తక్కువే, అయినా ఇచ్చేవారు. 2018 మార్చితో అదీ ఆగింది. ఇప్పుడున్న ఉల్లాస్ కార్యక్రమం 2022 నుంచి 2027 వరకు. లక్ష్యం ఐదు కోట్ల మంది, కేటాయింపు 1,037.90 కోట్ల రూపాయలు. భాగిస్తే ఒక్కొక్కరికి రెండు వందల పైచిలుకు. చదువు చెప్పేవాళ్ళంతా స్వచ్ఛందంగా చెప్పాలి, జీతం లేదు. ఆ మిస్ బడికి బదులు ఉపాధి పనికి పోతే 2025–26 రేటు ప్రకారం రోజుకు 370 రూపాయలు వచ్చేవి. ఆమె నాతో ఈ లెక్క ఎత్తలేదు. నేనే వేసుకున్నాను. సేవ గొప్పదే. కానీ పేదింటి కోడలి మధ్యాహ్నాలను ఊరికే తీసుకుని, చివరికి ఎంతమంది పరీక్ష రాశారన్న అంకె ఒక్కటే అడగడం న్యాయం కాదు. ఆ పరీక్ష 150 మార్కులకు, చదవడం, రాయడం, లెక్క, ఒక్కో దానికి యాభై. ఆ ఊరి ఆడవాళ్ళు రాస్తారు, పాసవుతారు కూడా. పాసైన తర్వాత చదువుకోవడానికి ఆ బీరువాలో పెద్దక్షరాల పుస్తకం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కుర్రవాళ్ళ ఉద్యోగ పరీక్షలవే. వాడని అక్షరం రెండేళ్ళలో మరుపున పడుతుంది.

కాబట్టి అడగాల్సినవి మూడే. నేర్పేవాళ్ళకు రోజుకూలికి తగ్గకుండా ఇవ్వండి. సరిహద్దు తాలూకాల్లో పాఠం ఇంటిభాషలో వివరించి చెప్పే మనిషినే పెట్టండి. పెద్దక్షరాల్లో, కన్నడంలోనూ తెలుగులోనూ, పంట గురించి, మందుల గురించి, ఊరి కథల గురించి పుస్తకాలు వేయించి పంపండి. మూడోది సర్కారు కోసం ఆగనక్కర్లేదు. ఇది చదువుతున్నవాళ్ళలో రచయితలున్నారు, ప్రచురణకర్తలున్నారు, హిందూపురంలో, అనంతపురంలో, బెంగళూరులో పుస్తకాలు కొనగలిగినవాళ్ళున్నారు. పావగడ పల్లెల్లో మీ పుస్తకం కోసం పదముగ్గురు కొత్త పాఠకులు ఉన్నారు.