245 దగ్గర కొలిచి చూడు

షాసీ తిరగేసి మీటరు పట్టుకోగానే ఆయన ఎడమ చెయ్యి నడుం వెనక్కి పోతుంది. నల్ల ప్రోబుకి క్రొకడైల్ క్లిప్పు పెట్టి షాసీకి ముందే తగిలించేస్తారు. ఎర్ర ప్రోబు ఒక్కటే కుడి చేతిలో ఉంటుంది. లోపల మూడు వందల వోల్టుల డీసీ ఉంది. రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందని ఆయనకి కుర్రతనంలో ఎవరో చెప్పారట. డెబ్భై దాటినా ఆ చెయ్యి ముందుకి రాలేదు.

గన్నవరంలో హైవేకి లోపలగా ఒక పాత వీధి. ఈ పాత రేడియో మెకానిక్ ఇంటి ముందు గదే వర్క్‌షాపు. పాత వాల్వు రేడియోలన్నీ ఒకచోట ఉన్నాయి, ఫొటోలతో సహా రాసుకు రమ్మని మా సంపాదకుడు పంపించారు. రేడియోలున్నాయి, బాగున్నాయి, అరల నిండా ఉన్నాయి. కానీ నేను వెళ్ళేసరికి ఒక కుర్రాడు సొంతంగా కట్టుకున్న వాల్వు యాంప్లిఫయర్ చంకన పెట్టుకొచ్చి కూర్చున్నాడు. నేను అక్కడే ఆగిపోయాను.

"బాబాయ్ గారూ, గంట పాడేసరికి గరగరమంటోంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనడం లేదు. వాల్వులు అప్పుడే ఒక జత పోయాయి. పటంలో ఉన్నట్టే కట్టానండీ" అన్నాడు.

"పటంలో హెచ్‌టీ ఎంతని ఉంది?"

"260."

"నీకెంతొస్తోంది?"

హెచ్‌టీ అంటే వాల్వు ప్లేట్లకి అందే డీసీ వోల్టేజీ. కుర్రాడు దాన్ని కొలవలేదు. ఆయన ఏమీ అనలేదు. సెట్టుని డిమ్మర్‌స్టాట్‌కి తగిలించి, సున్నా నుంచి మెల్లగా తిప్పుకుంటూ వెళ్ళి 245 దగ్గర ఆపారు. 230 దగ్గర ఎందుకు ఆపలేదని అడిగాను. జవాబుగా బల్ల సొరుగులోంచి ఒక లెక్కల పుస్తకం తీసి నా ముందు పెట్టారు. తన గోడ ప్లగ్గులో ఏ వేళకి ఎన్ని వోల్టులొచ్చాయో ఏళ్ళ తరబడి రాసుకున్న పుస్తకం అది. తెల్లవారుజామున ఊరంతా పడుకున్నప్పుడు 245. ఎండాకాలం రాత్రి ఏసీలన్నీ తిరుగుతున్నప్పుడు 215. పుస్తకంలో ఎక్కువగా కనిపించే పైఅంచూ కిందిఅంచూ ఇవే. "నీ సెట్టు ఈ రెండిటి మధ్యా బతకాలి. 245 దగ్గర కొలిచి చూడు, 215 దగ్గర పాడించి చూడు" అన్నారు కుర్రాడితో.

హెచ్‌టీ 312 చూపించింది మీటరు. పవర్ వాల్వులు ఈఎల్84, చానల్‌కి ఒకటి. కాథోడ్ కింద 150 ఓమ్‌ల రెసిస్టెన్స్ మీద తొమ్మిది వోల్టులు. అంటే వాల్వులో అరవై మిల్లీ ఆంపియర్లు పోతున్నాయి. అందులో స్క్రీన్ గ్రిడ్ వాటా ఆరు తీసేస్తే ప్లేటుకి యాభై నాలుగు. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 290. రెండూ గుణిస్తే పదిహేను వాట్లు దాటింది. ఈఎల్84 ప్లేటు తట్టుకునేది పన్నెండు. ఈ లెక్కంతా ఆయన నోటితోనే కట్టారు, కాగితం ముట్టలేదు. తర్వాత గదిలో లైటు ఆర్పించి వాల్వు వైపు వేలు చూపించారు. ప్లేటు అతుకు దగ్గర సన్నటి ఎర్రటి గీత. కుర్రాడి ముఖం మాడిపోయింది.

అప్పుడా అబ్బాయి అన్న మాట చాలామంది అనేదే: "ప్రైమరీని 240 ట్యాపింగుకి మార్చేస్తే అన్నీ తగ్గుతాయి కదండీ?" తగ్గుతాయి. హీటరు కూడా తగ్గుతుంది, చిక్కంతా అక్కడే. హీటరుకి 6.3 వోల్టులుండాలి, పదిశాతం దాటి అటూ ఇటూ పోకూడదు. 240 ట్యాపింగు మీద పెడితే రాత్రి 215 వచ్చినప్పుడు హీటరుకి అందేది 5.6. కాథోడ్ సరిగ్గా వేడెక్కదు, అలా నడిపితే వాల్వు నీరసించిపోతుంది. 220 మీద పెడితే తెల్లవారి ఏడు వోల్టులొస్తాయి, హీటరు ఆయుష్షు తరిగిపోతుంది. 230 మీదే ఉంచితే పైన 6.7, కింద 5.9. రెండువైపులా హద్దులోనే. కాబట్టి ట్యాపింగు ముట్టుకోకూడదు, హెచ్‌టీని విడిగా దించాలి.

సెట్టు ఆపి, కండెన్సర్లలో మిగిలిన కరెంటుని ఒక రెసిస్టెన్స్‌తో దింపేసి, మీటరు సున్నా చూపించాకే సోల్డరింగ్ ఐరన్ అందుకున్నారు. రెక్టిఫయర్ ఈజడ్81. దాని వెనక మొదటి కండెన్సర్‌గా కుర్రాడు 220 మైక్రోఫారడ్‌లది పెట్టాడు, పెద్దదైతే హమ్ము పోతుందని. ఆ వాల్వు డేటా షీటులో 50కి మించొద్దని ఉంది. అంతకంటే పెద్దది పెడితే ప్రతి చార్జింగు దెబ్బకీ రెక్టిఫయర్ కాథోడ్ దెబ్బతింటుంది. ఆయన 220ని పీకి అక్కడ 47 పెట్టారు. దాని తర్వాత 470 ఓమ్‌ల పదివాట్ల సిమెంటు రెసిస్టెన్స్, ఆ వెనక తీసేసిన 220. రెండు చానళ్ళకీ కలిపి నూరు మిల్లీ ఆంపియర్లు పోతాయనుకుంటే అక్కడ 47 వోల్టులు దిగుతాయి. రెసిస్టెన్స్ మీద పడే వేడి ఐదు వాట్ల లోపు, అందుకే పదివాట్లది. హమ్ముని కూడా ఈ జోడీయే వడపోస్తుంది. లెడ్డు కరిగి తీగ చుట్టూ మెరిసే క్షణం దాకా ఆగి, ఐరన్ తీసి, అతుకు గట్టిపడేదాకా వేలు కదపలేదు. ఆ వయసులో ఆ నిలకడ చూసి నాకు మాట రాలేదు.

మళ్ళీ 245. హెచ్‌టీ 270. కాథోడ్ మీద 7.5. ప్లేటు దగ్గర పదకొండు వాట్ల చిల్లర. డిమ్మర్‌స్టాట్ 215కి దించి ఒక త్యాగరాజ కీర్తన పెట్టారు. శబ్దం కాస్త తగ్గింది, గొంతు మాత్రం చెదరలేదు.

ఐదు రూపాయలో పది రూపాయలో చేసే రెసిస్టెన్స్ అది. దాన్ని ఎక్కడ, ఎంత, ఎందుకు పెట్టాలో తెలిసిన మనిషి మాత్రం ఊరికి ఒకరైనా మిగల్లేదు. నా కోపమంతా దాని మీదే. కృష్ణా డెల్టాలో ఒకప్పుడు పెళ్ళికీ హరికథకీ వచ్చే మైకు సెట్లన్నీ వాల్వులవే. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక ఈ ఊళ్ళలో రేడియో కొన్న ఇంటికల్లా ఒక రిపేరరు ఉండేవాడు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రిసీవింగ్ వాల్వులు సొంతంగా తయారుచేసింది. ఆ ముద్ర ఉన్న అట్టపెట్టెలు కొన్ని ఈయన బల్ల కింద ఇంకా ఉన్నాయి. ఇవాళ కొత్త వాల్వు కావాలంటే స్లొవేకియా నుంచో రష్యా నుంచో చైనా నుంచో రావాలి. దానికి నేనేమీ బాధపడను, వాల్వు డబ్బిస్తే వస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే చెయ్యి డబ్బిచ్చినా రాదు. ప్రైమరీ కొంత, సెకండరీ కొంత, మళ్ళీ ప్రైమరీ, పొర పొరకీ కాగితం. చివర్లో కోరు అతుకులో పలచటి కాగితం ముక్క పెట్టి గ్యాప్ ఉంచాలి, లేకపోతే డీసీకి ఇనుము నిండిపోయి కింది స్వరాలు చచ్చిపోతాయి. ఈయనకి విజయవాడలో చుట్టిపెట్టే మనిషి పోయారు. కొడుకు అదే కొట్లో సబ్‌మెర్సిబుల్ మోటార్లు చుడుతున్నాడు. అతన్నేం తప్పుపట్టను. చేతిలో విద్య ఉన్నా అడిగేవాడు లేడు.

ఇదంతా ముసలి సరదా అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆ పూట నేను చూసిన చదువు వాల్వులది మాత్రమే కాదు. తన ఊరి కరెంటు ఎలా ఉంటుందో కొలిచి రాసుకోవడం, డేటా షీటు చదవడం, ఒకటి దించబోతే మరొకటి ఎక్కడ దిగుతుందో ముందే చూడడం, ప్రాణం కాచుకుంటూ పని చేయడం. ఇన్వర్టరు బాగుచేసేవాడికీ, రొయ్యల చెరువు మీద ఏరియేటర్ మోటారు చూసేవాడికీ కావలసింది ఇదే. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు ఉంది. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టిన మచిలీపట్నం ఈ జిల్లాదే, 1983 నుంచి దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ నడుపుతోంది. పరికరాలు చేసిన సంప్రదాయం మనకి లేదనడానికి వీల్లేదు. ఈ లెక్కల పుస్తకాన్ని అచ్చు వేయించి, ఈయన్ని వారానికి ఒక పూట ఏదైనా ఐటీఐ వర్క్‌షాపులో కూర్చోబెట్టడానికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు. ఒక ప్రిన్సిపాలు తలుచుకుంటే చాలు. రమ్మంటే వస్తారా అని అడిగాను. బస్సు చార్జీ ఇస్తే చాలు, ఎర్ర బస్సులోనే వస్తానన్నారు.

కుర్రాడు పుస్తకంలో పేజీలు ఫోనుతో ఫొటోలు తీసుకోబోతే ఆయన ఆపారు. "మా వీధి వోల్టేజీ నీకెందుకు? మీ ఇంట్లో రాసుకో. పొద్దున్న నాలుగింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి. నెల్లాళ్ళు రాశాక సెట్టు మళ్ళీ పట్రా, ఆ రెసిస్టెన్స్ నీ ఇంటికి సరిపోయిందో లేదో అప్పుడు చెబుతా."