నక్షాకెక్కని కరణ్‌కోట

మాది తాండూరు. పక్కనే కరణ్‌కోట, 1987 నుంచి సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఇప్పుడు నేనుండేది ఇంగ్లండులోని లీడ్స్‌లో. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఈ ఊరి తాపీమేస్త్రీయే. సున్నపురాయి సంబంధం నన్ను వదలదల్చుకోలేదన్నమాట!

ఇక్కడికొచ్చాక పాత పటాల పిచ్చి పట్టుకుంది. బ్రిటన్ సర్కారు పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళు మైలుకు 25 అంగుళాల లెక్కన గీసిన పటాలను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. పటం మీద చదరపు అంగుళం నేల మీద దాదాపు ఎకరంతో సమానం. 1890 ప్రాంతపు యార్క్‌షైర్ షీటు తెరిస్తే క్వారీ అంచు చుట్టూ సన్నటి గీతలు, రాయి మోసే ట్రాలీల పట్టాలు, క్రేను, సున్నపుబట్టీ కనిపిస్తాయి. బావి ఉన్నచోట ఒక చిన్న అక్షరం. తవ్వకం ఆగిపోతే ‘పాత క్వారీ’ అని రాసి మరీ పెట్టారు. ఇప్పుడు ఇల్లు కట్టేముందు, కొనేముందు, కింద పూడ్చిన గుంత ఉందేమో ఆ పటాల్లోనే వెతుకుతారు.

మన దగ్గర పటాలు లేక కాదు. చేను కొలతలు రాసిన పాత టిప్పన్ చూడండి. 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు. చేను ఏ మూల ఎంతుందో అణాలతో సహా రాశారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే గుంట. 40 గుంటలైతే ఎకరం. అంత పకడ్బందీ. కానీ ఆ శ్రమంతా శిస్తు కోసం. హద్దు ఎక్కడ, నంబరెంత, భూమి ఖుష్కీనా (మెట్ట) తరీనా (మాగాణి), పట్టా ఎవరి పేర ఉంది, సర్కారుకు కావలసింది ఇంతే. మా నేల కింద పొరలు పొరలుగా ఉన్న నాపరాయితో దానికి పనిలేదు. అందుకే కంది చేను గనై, గని నీటిగుంతై, ఆ గుంత పాలిషింగ్ బురదతో పూడిపోయినా సర్వే నంబరు మారదు.

తెలంగాణలో భూభారతి చట్టంతో భూముల రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న నిబంధన వచ్చింది. హద్దు తగాదాలకు మంచి మందే. నేల చరిత్ర మాత్రం అందులోకి రాదు. మనమూ అడగం. వాట్సాప్‌లో ప్లాటు ఫొటో, సర్వే నంబరు వస్తే చాలు, అడ్వాన్సు పంపేస్తాం. అక్కడ ఎంత లోతు తవ్వారు, దేనితో పూడ్చారు అన్న ప్రశ్న మన నోట రాదు.

ఆ చరిత్రను పటానికెక్కించడం మరీ పెద్ద పనేం కాదు. గ్రామ నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచి, ఉలీ సుత్తీ పట్టి బండలు తీసిన పెద్దమనుషులను పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ గని ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు వదిలేశారు, ఫ్యాక్టరీ రాకముందు బండ్ల బాట ఎటు పోయేది, అన్నీ రాయించాలి. ఆ తరానికి వయసు మీదపడింది, ఆలస్యం చేస్తే చెప్పేవాళ్ళుండరు. ఊళ్ళో గుడికి, కమానుకు చందాలు పంపే ప్రవాసులం, ఒక సర్వేయరు ఖర్చు భరించలేమా?