పట్టు వదలని చక్రం

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు వెంట తూర్పుగా కొంతదూరం సాగేసరికి గాలి వాసన మారుతుంది. వెల్డింగు పొగ, పచ్చి రంగు, రంపపు పొట్టు, కాలిన డీజిలు కలగలిసిన ఆ వాసనే జవహర్ ఆటోనగర్ పొలిమేర. కోల్‌కతా నుంచి చెన్నైకి పోయే రహదారీ, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రహదారీ కలుసుకునే నగరంలో లారీల కోసం ఒక పేట వెలవడంలో వింత లేదు. 1960ల దశకంలో వెలసిన ఈ పేట ఒక తరహా జీవనానికే పేరు పెట్టింది. గుంటూరులోనూ, విశాఖపట్నంలోనూ, హైదరాబాదులోనూ ఇప్పుడు ఆటోనగర్లు ఉన్నాయి.

ఇక్కడి సందుల్లో ఒక్కొక్కదానిది ఒక్కొక్క విద్య. ఒకచోట కమాను కట్టలు విప్పుతుంటారు. మరొకచోట రేడియేటర్లకు మాట్లు వేస్తుంటారు. తెనాలి వెళ్ళే బస్సు సీట్లూ, నాగపూరు వెళ్ళే లారీ పరదాలూ ఒకే చెట్టు కింద కుట్టబడతాయి. కంపెనీ నుంచి ముందు భాగం, ఇంజను, చట్రం మాత్రమే వచ్చే రోజుల్లో డ్రైవరు కూర్చునే చెక్క గది యావత్తూ ఇక్కడే తయారయ్యేది. ఇప్పుడు చాలా లారీలు ఫ్యాక్టరీలో కట్టిన క్యాబినుతోనే వస్తున్నాయి. కొత్తవాటికి స్టీరింగు తిప్పడానికి యంత్ర సహాయం కూడా ఉన్నది. అయినా పాత బండ్లు పూర్తిగా పోలేదు. దూరప్రయాణాలకు పనికిరానివి ఇసుకకో, ఇటుకకో, ధాన్యానికో తిరుగుతూ ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఈ పేట గుమ్మం తొక్కుతాయి.

అటువంటి బండ్లలో పాత టాటా లారీది ప్రత్యేక స్థానం. జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో జంషెడ్‌పూర్‌లో ఈ లారీల నిర్మాణం మొదలయింది. ఆ ఒప్పందం 1969లో ముగియగా, ముఖం మీది మూడు కోణాల నక్షత్రం పోయి ఆంగ్లాక్షరం ‘టి’ వచ్చింది. తరువాతి లారీల ముక్కు ఆకారంలో మాత్రం ఆ పాత చుట్టరికం చాలాకాలం కనిపించింది. వాటి స్టీరింగు చక్రం వెడల్పు రమారమి అర మీటరు. అది దర్పం కోసం పెట్టినది కాదు. యంత్ర సహాయం లేని కాలంలో టన్నుల బరువు మోసే ముందు చక్రాలను డ్రైవరు తన భుజబలంతోనే తిప్పాలి. చక్రం ఎంత పెద్దదయితే చేతికి అంత సులువు.

ఆ చక్రాన్ని ఊడదీయవలసిన అగత్యం అనేక విధాల వస్తుంది. అంచు పగలవచ్చు, హారను మూగబోవచ్చు, కింది బాక్సులో అరుగుదల పుట్టవచ్చు. పై మూత తీసి, పెద్ద నట్టు విప్పితే చక్రం చేతికి రావాలి. పాత లారీలో రాదు. కడ్డీ మొన మీద సన్నని నిలువు పళ్ళుంటాయి. చక్రం నడిమి దిమ్మ లోపలి పళ్ళు వాటిలో కూర్చుంటాయి. కొన్నింటిలో ఆ మొన పైకి పోనుపోను సన్నబడుతుంది గనుక, నట్టు బిగించినకొద్దీ దిమ్మ ఇంకా గట్టిగా దిగబడుతుంది. ఆపైన ముప్పయ్యేళ్ళ చెమట, వానచినుకులు, దుమ్ము కలిసి తుప్పు పట్టించి ఆ రెంటినీ ఒకే లోహంలా అతికిస్తాయి.

“సాయంత్రానికి లోడు ఎత్తాలి మేస్త్రీ” అంటాడు డ్రైవరు. కుర్రవాడి చెయ్యి వెంటనే సుత్తి మీదికి పోతుంది. మేస్త్రి వారిస్తాడు: “అది పక్కన పెట్టరా. కింద బాక్సు ఉంది.”

అసలు సంగతంతా ఆ రెండో మాటలో ఉన్నది. కడ్డీ నెత్తిన వేసిన దెబ్బ అక్కడే ఆగదు. నిలువునా దిగి స్టీరింగు బాక్సు చేరుతుంది. అక్కడ మరకూ నట్టుకూ నడుమ ఉక్కు గుండ్లు దొర్లే రకమయితే, అవి నడిచే నున్నని దారిలో సొట్టలు పడతాయి. ఆనాడు ఏమీ తెలియదు. చక్రం ఊడుతుంది, డ్రైవరు సంతోషిస్తాడు. కొన్నాళ్ళకు చక్రం కొంత తిరిగినా ముందు టైర్లు కదలని స్థితి వస్తుంది; దాన్ని ఇక్కడ ‘ప్లే’ అంటారు. చదును నేల మీద అది విసుగు మాత్రమే. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాటులో, మలుపు అవతల నుంచి బస్సు ఎదురైనప్పుడు, అది వేరే సంగతి.

అందుచేత మేస్త్రి పని నెమ్మదిగా మొదలవుతుంది. మొదట బ్యాటరీ తీగ తప్పిస్తాడు. ముందు టైర్లను తిన్నగా నిలిపి, కడ్డీ మీదా దిమ్మ మీదా ఎదురెదురుగా చిన్న గుర్తులు కొడతాడు. ఈ గుర్తు లేకపోతే తిరిగి బిగించేటప్పుడు తిప్పలే. పళ్ళు 36 ఉన్నవనుకుంటే, ఒక్క పన్ను తప్పినా చక్రం 10 డిగ్రీలు ఓరగా కూర్చుంటుంది. నట్టును వదులు చేస్తాడే గాని పూర్తిగా తీయడు. రెండు మూడు మరలు పట్టి ఉంచుతాడు. బిగువులో ఉన్న చక్రం ఒక్కసారి ఊడివస్తే ఎదుట ఉన్నవాడి పళ్ళు రాలతాయి. ఆ నట్టే అడ్డు.

అటుపైన తుప్పు నూనె పోసి వదిలేస్తాడు. మేస్త్రి టీ తాగి, మరొక లారీ పని కొంత చేసి వస్తాడు. పనిలో అధికభాగం ఈ ఎదురుచూపే అని బయటివారికి తోచదు. కూలి మాత్రం సుత్తి ఎత్తినంతసేపటికే ఇవ్వచూస్తారు! తరువాత పుల్లరు బిగిస్తాడు. దాని కాళ్ళు దిమ్మ అడుగున పట్టాలి. చక్రం ఆకులకు తగిలిస్తే ఆకులే వంగుతాయి, అంచుకు తగిలిస్తే అంచు విరుగుతుంది. నడిమి మర కడ్డీ మొనను నొక్కుతుండగా పానాతో పావు చుట్టు తిప్పి ఆగుతాడు, దిమ్మ పక్కన ఇత్తడి ముక్కతో మెల్లగా తడతాడు, మళ్ళీ పావు చుట్టు.

అప్పటికీ రాకపోతే నిప్పు. కాని నూనె పోసిన చోట మంట పెట్టడం ప్రాణాంతకం. తడి యావత్తూ తుడిచి, హారను తీగ తప్పించి, అంచుకు తడిగుడ్డ చుట్టిన తరువాతనే మంటను దిమ్మ చుట్టూ తిప్పుతాడు. దిమ్మ వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి కడ్డీ ఇంకా చల్లగానే ఉంటుంది. దిమ్మ అల్యూమినియంది అయితే అదే వేడికి ఉక్కుకంటె దాదాపు రెట్టింపు విచ్చుకుంటుంది గనుక మేలు. పుల్లరు బిగువులో ఉండగా ‘టప్’ మని ఒక శబ్దం వస్తుంది. చక్రం అంగుళం లేచి, వదలి ఉంచిన నట్టుకు తగిలి ఆగుతుంది. సందులో ఎవరూ తల తిప్పి చూడరు. మేస్త్రి మాత్రం కుర్రవాడి వంక చూస్తాడు.

చక్రం పగలగొట్టి తీస్తే ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. పాత బండికి అతికే చక్రం కొత్తది దొరకడం కష్టం. పాత ఇనుము దుకాణాలు గాలించాలి, దొరికినా పళ్ళు కలవాలి. ఈ సంగతి డ్రైవర్లకూ తెలుసు. అందుకే సాయంత్రపు లోడు గురించి తొందరపెట్టినవాడే, చక్రం చేతికి వచ్చినప్పుడు దాని అంచును తన తువ్వాలుతో తుడుస్తాడు.

బాక్సు సరిచేసి, పళ్ళు శుభ్రం చేసి, పలుచగా గ్రీజు రాసి, గుర్తులు కలిపి, కొత్త వాషరుతో నట్టు బిగించేసరికి పొద్దు వాలుతుంది. మేస్త్రి హారను మీట నొక్కి చూస్తాడు. డ్రైవరు లారీని గేటు దాకా పోనిచ్చి, చేతులు ఒక్క క్షణం వదిలి, చక్రం ఆకులు సమంగా ఉన్నాయో లేదో చూసుకుని, బందరు రోడ్డు మీదికి తిప్పుతాడు.